జూనియర్ వకీలుకు కష్టాలేమిటి?
(ఒక ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు)

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి

ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్నలు రెండు రకాలు. జవాబు తెలుసుకోవాలని అడిగేవి ఒక రకం. ఎదుటివాడు ఎంత ఒద్దికగా తప్పించుకుంటాడో చూడాలని అడిగేవి ఇంకో రకం. "ఈ పనిలో మీకు ఎదురయ్యే కష్టాలేమిటి?" అన్న ప్రశ్న ఈ రెండో రకంలో చేరి చాలాకాలమయింది. దానికి జవాబులు కూడా గైడు పుస్తకాల్లో అచ్చయి వున్నాయి. "పని ఒత్తిడి వుంటుందండి, కాని ఒత్తిడిలోనే నేను బాగా పనిచేస్తాను" అనాలి. "ప్రతి చిన్న విషయాన్నీ పట్టించుకోవడమే నాలోని లోపం" అనాలి. లోపం చెప్పినట్టూ వుండాలి, గొప్ప చెప్పుకున్నట్టూ వుండాలి. అడిగినాయన తల వూపుతాడు, చెప్పినవాడు నమస్కారం పెట్టి లేస్తాడు. ఇద్దరిలో ఎవరికీ కొత్త సంగతి ఒక్కటీ తెలియదు.

వకీలు వృత్తిలో కొత్తగా చేరబోయేవాళ్ళను ఈ ప్రశ్న అడిగితే నిజమైన జవాబు ఏమిటి? ఈ చిన్న వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే. సైన్సు చదివేవాడికి కోర్టుల గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. కారణాలు రెండు. మా పెద్దబాపు కూతురు లా పట్టా పుచ్చుకొని, ఒక సీనియర్ దగ్గర పని నేర్చుకోవడానికి ఆఫీసులు తిరిగింది. ఆ తిరుగుడంతా నేను దగ్గరుండి చూశాను. ఇది మొదటి కారణం. రైతు ఇంట పుట్టినవాడికి కోర్టు కొత్త కాకపోవడం రెండో కారణం. గెట్టు పంచాయితీ, పాసు పుస్తకంలో తప్పుపడ్డ సర్వే నంబరు, కాలువ కింద పోయిన భూమికి రావలసిన పరిహారం — ఈ మూడింటిలో ఏదో ఒకటి లేని ఇల్లు మా వైపు అరుదు. రేపు మా కాగితం పట్టుకొని జడ్జి ముందు నిలబడే మనిషి ఎట్లా తయారవుతున్నాడో తెలుసుకోవడం మా అవసరం.

మేము సికింద్రాబాద్ కార్ఖానాలో నాయనమ్మను తోడు పెట్టుకొని ఒక చిన్న భాగం అద్దెకు తీసుకొని వుంటున్నాం. సిద్దిపేట వైపు నుంచి వచ్చే బస్సు రాజీవ్ రహదారి మీదుగా తిరుమలగిరి దాటి, కార్ఖానా మీదనే జూబ్లీ బస్ స్టేషన్‌కు పోతుంది. ఊరి నుంచి బియ్యం మూట వేసుకొని వచ్చేవాళ్ళకు ఇంతకన్న వీలైన చోటు లేదు. అక్క ఇంటర్వ్యూకు పోయే ముందు నేను సీనియర్ వకీలునయ్యి ప్రశ్నలడిగేవాణ్ణి. "ఈ పనిలో కష్టాలేమిటమ్మా?" అని మొదలుపెడితే, ఆమె కొంచెంసేపు ఆలోచించి, "నిజం చెప్పాలారా, జవాబు చెప్పాలా?" అన్నది.

ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. ఫిజిక్సు ప్రాక్టికల్సులో మాకు మొదట నేర్పేది, చేతిలో వున్న పరికరం దేన్ని కొలుస్తున్నదో తెలుసుకోమని. ఈ ప్రశ్న దేన్ని కొలుస్తున్నది? నా మట్టుకు నాకు తోచిందేమంటే, జూనియర్ వకీలుకు వుండే కష్టాలు రెండు తెగలు. పనిలో పుట్టే కష్టాలు ఒక తెగ. పని చుట్టూ మనుషులు పెట్టిన కష్టాలు ఇంకో తెగ. ఇంటర్వ్యూలో అడిగేది మొదటిదాన్ని గురించే. కాని ఎవరు ఈ వృత్తిలో నిలబడతారు, ఎవరు ఇంటిదారి పడతారు అన్నది తేల్చేది మాత్రం రెండోది.

పనిలో పుట్టే కష్టాలు

మొదటి తెగను చిన్నచూపు చూడనవసరం లేదు. అవి నిజంగా బరువైనవే.

2024 జూలై 1 నుంచి మన దేశంలో క్రిమినల్ చట్టాలు మారిపోయాయి. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో నాగరిక సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో సాక్ష్య అధినియం వచ్చాయి. మోసగాణ్ణి "ఫోర్ ట్వంటీ" అని తిట్టడం మన భాషలో భాగమయింది గాని, కొత్త చట్టంలో ఆ నేరం 318లోకి పోయింది. హత్యకు 302 పోయి 103 వచ్చింది. అట్లాగని పాతది మరిచిపోవడానికీ వీల్లేదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత పీనల్ కోడే వర్తిస్తుంది. అంటే ఇప్పుడు చేరే జూనియర్ రెండు చట్టాలనూ ఒక్కసారే నేర్చుకోవాలి. ఇందులో ఒక మేలూ వుంది. ముప్ఫయ్యేళ్ళ అనుభవమున్న సీనియర్ కూడా కొత్త సెక్షన్ల దగ్గర కొంత విద్యార్థే.

రెండోది గడువు. సివిల్ దావాలో ప్రతివాదికి సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దావా వేయాలి. కోర్టు కారణాలు రాసి అనుమతిస్తే 90 రోజుల దాకా పోవచ్చు. డిక్రీ మీద హైకోర్టుకు అప్పీలు 90 రోజుల్లో, కింది కోర్టుకైతే 30 రోజుల్లో పోవాలని 1963 నాటి లిమిటేషన్ చట్టం చెప్తుంది. రైతుకు దీన్ని వివరించి చెప్పనక్కర లేదు. అదును దాటినాక విత్తితే ఏమవుతుందో మాకు తెలుసు. ఆలస్యాన్ని మన్నించమని అడగడానికి చట్టంలో దారి వుంది గాని, మన్నించడం జడ్జిగారి చేతిలో వుంటుంది. ఆఫీసులో ఈ తేదీలన్నీ డైరీలో రాసి, గుర్తుపెట్టి, గుర్తుచేసే బాధ్యత ఎవరిది? చివరగా చేరిన జూనియర్‌ది. ఒక్క తేదీ జారితే ఒక కుటుంబం ఎకరాలు జారిపోవచ్చు.

మూడోది భాష. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు, సుప్రీంకోర్టు వ్యవహారం ఇంగ్లీషులో నడుస్తుంది. కక్షిదారు చెప్పేది తెలుగులో. "గెట్టు జరిపిండు", "పట్టా నా పేర, కబ్జా వాడిది", "పహాణీల ఎక్కలే" — ఈ మాటల్లో ఏ మాటకు ఏ చట్టపు అర్థమో తెలిసినవాళ్ళే మంచి దావా రాయగలరు. ఇక్కడ పల్లెటూరి పిల్లలు ఎవరికీ తీసిపోరు. 2020లో ధరణి వచ్చినప్పుడూ, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చినప్పుడూ ఆఫీసుల చుట్టూ తిరిగింది మా ఇళ్ళవాళ్ళే. అయినా ఇంటర్వ్యూలో మా ఇంగ్లీషు ఉచ్చారణకు పడే మార్కులు మా భూమి జ్ఞానానికి పడవు.

ఈ అవమానం ఇవాళ్టిది కాదు. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని హాలులో జరిగిన సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభ ఎగతాళి చేసింది. ఆ పరాభవం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. నూరేళ్ళు దాటినాక, 2023 జూన్‌లో, మన తెలంగాణ హైకోర్టులో జస్టిస్ పి. నవీన్ రావు, జస్టిస్ నగేశ్ భీమపాకల ధర్మాసనం ఒక తీర్పును తెలుగులో వెలువరించింది. అది అన్నదమ్ముల మధ్య భూ తగాదా. ఆ భూమి మచ్చబొల్లారంలో వుంది. మా కార్ఖానా నుంచి ఉత్తరంగా పోతే వచ్చే ఊరే అది. తమ తగాదా ఎట్లా తేలిందో తమ భాషలోనే చదువుకొనే అవకాశం ఆ ఇంటివాళ్ళకు దొరికింది. దారి పడింది కాబట్టి, తెలుగు బాగా రాయగల జూనియర్ అవసరం ఇక ముందు పెరుగుతుందనే నా ఆశ.

ఇక రోజువారీ పని. పొద్దున ఆఫీసులో ఫైళ్ళు సర్దాలి. కోర్టులో కేసు పిలిచే వేళకు హాజరుండాలి. సీనియర్ ఇంకో హాలులో వుంటే, పాస్ ఓవర్ అడిగి నిలబెట్టాలి. ఫైలింగులో వేసిన కాగితాలు అభ్యంతరాలతో తిరిగివస్తే సరిచేసి మళ్ళీ వేయాలి. నకళ్ళకు దరఖాస్తు పెట్టి సెక్షన్ల చుట్టూ తిరగాలి. సాయంత్రం మళ్ళీ ఆఫీసు. కక్షిదారు ఏడుస్తూ చెప్పింది వినాలి, విన్నది ఎక్కడా చెప్పకూడదు. వకీలుతో చెప్పుకున్న మాటను పాత సాక్ష్య చట్టమూ కాపాడింది, కొత్త చట్టమూ కాపాడుతున్నది.

వీటిలో ఒక్కటి కూడా భయపడి పారిపోవలసిన కష్టం కాదు. ఇవి పని నేర్పే కష్టాలు. నాగలి పట్టినవాడికి చేతులు కాయలు కాస్తాయి. తర్వాత ఆ కాయలే చేతిని కాపాడతాయి. ఇంటర్వ్యూలో ఈ సంగతులు సెక్షన్లతో సహా చెప్పగలిగితే, గైడు జవాబుకన్న వెయ్యి రెట్లు నయం.

పని చుట్టూ పెట్టిన కష్టాలు

ఇప్పుడు రెండో తెగకు వస్తాను. ఇంటర్వ్యూలో ఎవరూ అడగనిది, చెప్పినా వినకూడదన్నట్టు ముఖం తిప్పుకునేది ఇదే.

మా ఊళ్ళో పాతరోజుల్లో ఉగాదికి జీతగాళ్ళు కుదిరేవాళ్ళని తాత చెప్తుంటాడు. కుదిరేనాడే నలుగురి ముందు మాట్లాడుకునేవాళ్ళట. ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు అని. ఆ బతుకు గొప్ప బతుకని నేననను, దానిలోని అన్యాయం నాకు తెలుసు. కాని జీతం ఎంతో చెప్పకుండా పనిలో పెట్టుకునే సాహసం ఆ ఆసామి కూడా చేయలేదు. అక్క ఇంటర్వ్యూల సంగతి విని మా బాపు అడిగిందీ ఇదే: "పన్ల కుదిరేటోడు జీతం మాట్లాడుకోకుండ కుదుర్తడా బిడ్డా?"

అక్క ఒక ఆఫీసులో అడిగింది. ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. "నేర్చుకోవడానికి వచ్చావా, సంపాదించడానికి వచ్చావా?" అని ఎదురు ప్రశ్న వచ్చింది. "నేర్చుకోవడానికే సార్. నేర్చుకునేదాక నగరంలో వుండాలి కదా" అన్నది అక్క. ఆ తర్వాత పెళ్ళెప్పుడు అన్నారు. రాత్రి తొమ్మిదింటి దాకా ఆఫీసులో వుండగలవా అన్నారు. వుంటే ఇంటికి ఎట్లా పోతావని మాత్రం అడగలేదు. ఆడవాళ్ళు వకీళ్ళు కావడానికి అడ్డులేదని 1923లోనే చట్టం వచ్చింది. నూరేళ్ళు దాటినా, మొదటి ప్రశ్న ఇంకా పెళ్ళి గురించే.

లెక్క చెప్తాను. మా ఇంటి అద్దె, కరెంటు, గ్యాసు, బస్ పాసు, ఫోను, జిరాక్సులు, ఒక నల్లకోటు, ఒక గౌను, బ్యాండ్లు, ఏటా మారే చట్టాల పుస్తకాలు. బియ్యం, పప్పు ఊరి నుంచి వచ్చినా, అక్క ఒక్కతే నెలకు కనీసం ఎనిమిది తొమ్మిది వేలు పెట్టుకోవాలి. ఇప్పుడు ఆమె పనిచేసే ఆఫీసులో దారిఖర్చులు ఇస్తారు, పని శ్రద్ధగా నేర్పుతారు. ఆ మేరకు అదృష్టవంతురాలే. మిగతాది ఆమె పొద్దున ఆరింటికి చెప్పే ట్యూషన్లు, పెద్దబాపు అమ్మే పాలు. అంటే ఒక నగర కోర్టులో నడిచే న్యాయానికి ఒక పల్లెటూరి బర్రె సబ్సిడీ ఇస్తున్నది!

1961 నాటి రెండు చట్టాలు

కార్ఖానా అంటే ఉర్దూలో వస్తువులు తయారుచేసే చోటు. ఆ పేరు పలికినప్పుడల్లా నాకొక పోలిక గుర్తుకొస్తుంది. 1961లో మన పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. అడ్వొకేట్స్ చట్టం ఆ యేడు 25వది. అప్రెంటిసుల చట్టం అదే యేడు 52వది. రెండోదాని ప్రకారం కార్ఖానాలో ఫిట్టరు పనో, టర్నరు పనో నేర్చుకునే కుర్రవాడికి యజమాని ప్రభుత్వం నిర్ణయించిన స్టైపెండు ఇచ్చి తీరాలి. "నేర్చుకుంటున్నావు కాబట్టి జీతమెందుకు?" అనడానికి వీల్లేదు. నేర్చుకుంటున్నాడు కాబట్టే ఇవ్వాలి. మొదటి చట్టంలో వకీలు పని నేర్చుకునేవాళ్ళకు అటువంటి మాట లేదు.

అడ్వొకేట్స్ చట్టంలో మొదట శిక్షణ, పరీక్ష రెండూ వుండేవి. 1973 నాటి సవరణతో ఆ శిక్షణ నిబంధన పోయింది. 1995లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏడాది శిక్షణ తప్పనిసరి చేస్తూ నియమాలు తెచ్చింది. చట్టంలో ఆ అధికారం లేదని సుప్రీంకోర్టు 1999 మార్చిలో, వి. సుదీర్ కేసులో, వాటిని కొట్టేసింది. 2010లో అఖిల భారత బార్ పరీక్ష వచ్చింది. అది చెల్లుతుందని 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అంటే ఇప్పుడు పరీక్ష వుంది, శిక్షణ లేదు. నిజానికి చట్టం దృష్టిలో "ట్రెయినీ వకీలు" అనే మనిషే లేడు. లేని మనిషికి జీతం ఎవరిస్తారు?

తోటి వృత్తులను చూడండి. డాక్టరు చదివేవాడు హౌస్ సర్జన్‌గా వున్నప్పుడు స్టైపెండు తీసుకుంటాడు. సి.ఏ. చదివేవాడికి ఆర్టికల్స్ కాలంలో కనీస స్టైపెండు ఇంతని వాళ్ళ రెగ్యులేషన్లలోనే వుంది. ఇంగ్లండులో సొలిసిటరు దగ్గర పని నేర్చుకునే ట్రెయినీకి జీతం వుంటుంది. అందరి హక్కుల కోసం వాదించే వృత్తిలోనే తమ పిల్లల హక్కు మాట వచ్చేసరికి మౌనం!

ఇదే వృత్తి 1982లో ఒక గొప్ప విజయం సాధించింది. ఢిల్లీ ఏషియాడ్ కట్టడాల్లో పనిచేసిన కూలీల కేసులో, కనీస వేతనం కన్న తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ పల్లెలకు ఒకరు చెప్పనక్కర లేదు కాబట్టి, ఆ తీర్పు విలువ మాకు బాగా తెలుసు. జూనియర్ వకీలు కూలీ కాదు, కనీస వేతన చట్టం కిందికి రాడు, నిజమే. కాని ఆ తీర్పులోని నీతి కోర్టు మెట్లు దిగగానే ఆగిపోవాలా?

ఎవరు మిగులుతారు?

ఇది కొందరు కుర్రవాళ్ళ జేబు సమస్యగా కనిపించవచ్చు. అంతటితో ఆగదు. 2025 మే 20న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి వుద్యోగానికి దరఖాస్తు పెట్టాలంటే కనీసం మూడేళ్ళు వకీలుగా పనిచేసి వుండాలని అన్నది. కోర్టు హాలు చూడనివాడు జడ్జి కుర్చీలో కూర్చుంటే కష్టమన్నది దాని వెనుక వున్న ఆలోచన. ఆ ఆలోచన తప్పని నేననను. కాని ఆ మూడేళ్ళు తిండి ఎవరు పెట్టాలి? నాన్న వకీలో, వ్యాపారో అయినవాడికి మూడేళ్ళు ఒక అనుభవం. కౌలు రైతు కూతురికి మూడేళ్ళు ఒక గోడ. ఆ గోడ ఇట్లాగే వుంటే రేపు కింది కోర్టుల్లో జడ్జీలెవరు? పహాణీ అంటే పుస్తకంలో చదివినవాళ్ళే గాని, ఇంట్లో చూసినవాళ్ళు వుండరు.

పెద్దలకు ఇది తెలియదని కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో లా నేస్తం అనే పథకం పెట్టి, కొత్త వకీళ్ళకు మొదటి మూడేళ్ళు నెలకు 5,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 జూన్‌లో మద్రాసు హైకోర్టు, జూనియర్లకు చెన్నై వంటి నగరాల్లో 20,000, మిగతాచోట్ల 15,000 తగ్గకుండా ఇవ్వాలని అన్నది. అదే సంవత్సరం అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కూడా పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని సర్క్యులర్ పంపింది. అయితే అది సిఫారసే, ఆజ్ఞ కాదు. ఎన్‌రోల్‌మెంటుకు రాష్ట్ర బార్ కౌన్సిళ్ళు వేలకు వేలు తీసుకోవడం చెల్లదని, చట్టం చెప్పిన 750 రూపాయలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి 125 రూపాయలు మించకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ మాత్రం తలుపు నిజంగా తెరుచుకున్నది. లోపలికి వచ్చినవాడు కూర్చోవడానికి పీట ఇంకా వేయలేదు.

ఎదురు వాదనలు వున్నాయి. వాటిని దాటేసి పోవడం న్యాయం కాదు.

"సీనియర్లందరూ ధనవంతులు కారు" అంటారు. నిజం. మున్సిఫ్ కోర్టులో చిన్న కేసులతో బతికే సీనియర్ నెలకు 15,000 ఎక్కడ నుంచి తెస్తాడు? ఆయన మీద బరువు వేస్తే ఆయన జూనియర్ని తీసుకోవడమే మానేస్తాడు. అందుకే అందరికీ ఒకే కొలత పనికిరాదు. పెద్ద ఆఫీసు పూర్తిగా ఇవ్వాలి. చిన్న ఆఫీసుకు ప్రభుత్వమూ, బార్ కౌన్సిలూ చేయూతనివ్వాలి.

"జూనియర్లు పని నేర్చుకొని ఏడాదికే వెళ్ళిపోతారు" అంటారు. ఏమీ ఇవ్వని చోట నుంచి పోక ఏం చేస్తారు? జీతగాడు మధ్యలో వెళ్ళిపోతే ఆసామి అడిగేవాడు, ఎందుకంటే తాను మాట ఇచ్చాడు. మాటే ఇవ్వనివాడు మాట తప్పావని అనడం ఎట్లా?

"మేమూ పస్తులుండే పైకి వచ్చాం" అంటారు. ఈ మాట మీద నాకు గౌరవముంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు పేదరికం నుంచే వచ్చి రాజమండ్రిలో ప్లీడరయ్యారు, తర్వాత బారిస్టరయ్యారు. కాని ఆయన చదువు వెనుక ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపిన తల్లి సుబ్బమ్మగారున్నారు. చేరదీసిన గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారున్నారు. పస్తులుండి పైకి వచ్చిన ప్రతి మనిషి వెనుకా ఎవరో ఒకరు అన్నం పెట్టినవాళ్ళు వుంటారు. అటువంటివాళ్ళు దొరకక మధ్యలోనే తిరిగిపోయినవాళ్ళ పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోనూ వుండవు.

మరి ఏం జవాబు చెప్పాలి?

లా కోర్సుకు పోదలచిన మిత్రులకు నా విన్నపం ఇది. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే గైడు జవాబు చెప్పకండి. కొత్త, పాత చట్టాలను కలిపి నేర్చుకోవడం, గడువులు కాపాడటం, కక్షిదారు తెలుగును కోర్టు ఇంగ్లీషులోకి అర్థం చెడకుండా తీసుకుపోవడం, రహస్యం నిలబెట్టుకోవడం — ఈ నాలుగూ మీ మాటల్లో, మీరు చూసిన వుదాహరణలతో చెప్పండి. ఊళ్ళో చూసిన భూ తగాదా చెప్పండి. అది చిన్నతనం కాదు, మీ పెట్టుబడి. ఆ తర్వాత మర్యాదగా, భయం లేకుండా, మీరు రెండు ప్రశ్నలడగండి. "నాకు పని ఎవరు నేర్పుతారు సార్, వారానికి ఎన్నిసార్లు నా డ్రాఫ్టు చూస్తారు?" అన్నది ఒకటి. "నెలకు ఎంత ఇస్తారు?" అన్నది రెండోది. రెండో ప్రశ్నకు సిగ్గుపడవలసింది అడిగినవాళ్ళు కాదు.

అధ్యాపకులకొక మనవి. ఇంటర్వ్యూ తర్ఫీదు పేరుతో మాకు నవ్వడం, కరచాలనం చేయడం నేర్పుతున్నారు. జీతం మాట్లాడటం కూడా నేర్పండి. మా ఇళ్ళల్లో సంతకు పోయి ఎద్దుకు బేరం చేయగలం గాని, మా శ్రమకు బేరం చేయడం మాకు ఎవరూ నేర్పలేదు.

ఈ సంచికను చదివే పూర్వ విద్యార్థుల్లో పేరున్న వకీళ్ళు వున్నారు, జడ్జీలయినవారూ వున్నారు. అయ్యా, అమ్మా! మీ ఆఫీసుల్లో ప్రస్తుతం ఎందరు జూనియర్లున్నారో, నెల మొదటి తారీఖున వాళ్ళకు ఎంత ముడుతున్నదో ఒక్కసారి చూడండి. అసలేమీ ఇవ్వని చోట కొంతయినా మొదలుపెట్టండి. రాత్రి పొద్దుపోయేదాకా పనిచేసే ఆడపిల్ల ఇల్లు చేరే దారి గురించి ఆలోచించండి. మన విద్యార్థి సంఘం కూడా ఒక పని చేయవచ్చు. జూనియర్లకు పని నేర్పుతూ, స్టైపెండు ఇచ్చే పూర్వ విద్యార్థుల ఆఫీసుల పట్టిక ఒకటి తయారుచేసి నోటీసు బోర్డు మీద పెట్టవచ్చు. ఖర్చు ఒక కాగితం మాత్రమే. ఆ పట్టికలో పేరు వుండటం గౌరవమన్న భావన ఒకసారి వస్తే, లేనివాళ్ళు తామే వచ్చి చేరతారు.

జూనియర్ వకీలుకు కష్టాలేమిటని అడిగారు కదా. పనిలోని కష్టం మాకు భయం లేదు, అది మా ఇళ్ళల్లో పుట్టుకతో వచ్చినదే. ఆ కష్టానికి వెల కట్టకపోవడమే అసలు కష్టం. ఇంకో పదిహేనేళ్ళకు మనలో కొందరం అడిగే కుర్చీలో కూర్చుంటాం. ఆనాడు ఎదురుగా వచ్చిన పిల్లను కష్టాల గురించి అడిగే ముందు, జీతమెంతో మనమే చెప్దాం.